నూట ఎనభై సెకండ్ల భయం

నమోదు 411. సోమవారం. గాలి నైరుతి నుంచి, ఓ మోస్తరు. తిప్పులు 38. నిడివి 183 సెకండ్లు.

ఈ పుస్తకం తెరిచినవారికి నమస్కారం. రాస్తున్నది జామి తరళ, భయశాస్త్రంలో ఎమ్మే, ద్వితీయ శ్రేణి. ఉద్యోగం భీమిలి మెట్ట భయశాలలో, పట్టాల మీద కొండ దిగి జారే పెద్దజారు బండి దగ్గర నమోదు గుమస్తా. యంత్రాలే తమ దినచర్య రాసుకున్న రోజుల్లో ప్రతి పేజీలోనూ "అంతా క్షేమం" అని మాత్రమే ఉండేదట, యంత్రానికి నిప్పంటుకున్న రోజుతో సహా. అందుకని భయ పంపిణీ శాఖవారు ఈ పని మనిషి చేత, కలంతో చేయించాలని తీర్మానించారు. నాలుగు లైన్లు మించరాదని కూడా అన్నారు. అది వాళ్ల ఆశ.

పొద్దున్న పనులు: పట్టాల మీద కాకి కట్టిన గూడు తీసి పక్క స్తంభానికి మార్చాను. కాకి అభ్యంతరం తెలిపింది. వచ్చినవాళ్ల చేత దూది చెప్పులు విప్పించి వరసగా పెట్టించాను. భయం కార్డులు చూశాను. ఇద్దరు ఈ మూడు నెలల వాటా వాడేసుకుని మళ్లీ వచ్చారు, వెనక్కి పంపాను. ఇంకొకాయన తన వాటా వదులుకుంటానని బతిమాలాడు, వాళ్లావిడ చెయ్యి పట్టుకుని తెచ్చి వరసలో నిలబెట్టింది. తిరిగొచ్చినవాళ్లకి నిమ్మరసం ఇచ్చాను. తిప్పుకి పన్నెండు మంది. సగటున నలుగురు తాగుతారు, ముగ్గురు ఏడుస్తారు, మిగిలినవాళ్లు మళ్లీ ఎప్పుడని అడుగుతారు. మామూలే.

మామూలు కానిది నిడివి. ఊళ్లో ప్రతి అంచుకీ దూది చుట్టి అపాయమే లేకుండా చేశారు కనుక, పౌరుడికి మూడు నెలలకోసారి నూట ఎనభై సెకండ్ల భయం అని శాఖ లెక్క. మొదటి ఒడికడ్డీ (సీట్లో మనిషిని పట్టి ఉంచే కడ్డీ) ఒళ్లో పడిన క్షణం నుంచి చివరి మనిషి దిగేదాకా. తక్కువైతే జనం కుక్కర్ కూతకి మూర్ఛపోతారు (మా అమ్మమ్మ కాలంలో ఇది వీధులకి వీధులే జరిగింది). ఎక్కువైతే ఏమవుతుందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఎప్పుడూ ఎక్కువవలేదు. ఇవాళ మూడు సెకండ్లు ఎక్కువైంది.

ఈ సంగతి పైడమ్మత్తకి చెప్పాను. ఆవిడ నాకు అత్త కాదు, ఈ ఊళ్లో ఎవరికీ అత్త కాదు, అందుకని అందరికీ అత్తే. ఒడికడ్డీలు సరిగ్గా పట్టాయో లేదో చేత్తో పరీక్షించడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లుగా అదే పని. చేతి పరీక్ష పాసైన యోగ్యతాపత్రం ఈ చుట్టుపక్కల ఆవిడ ఒక్కదానికే ఉంది.

"మూడు సెకన్లకి ముహూర్తం తప్పిపోనట్టు మొకం ఎట్టినావేటే గుంటా," అంది. "తిన్నావేటి?"

"ఇంకా లేదత్తా."

"ముందు తినీ. ఖాళీ కడుపుతో లెక్కలెట్టకు."

తిన్నాను. తిన్నాక కూడా మూడే.

నమోదు 413. బుధవారం. గాలి లేదు. నిడివి 189.

సూపరింటెండెంట్ భావనారాయణ గారు పిలిచారు. ఆయన గదిలో బల్లకి, కుర్చీకి, గోడ కాలెండరుకి కూడా దూది అంచులు. ఆయన మాత్రం ఎప్పుడూ కుర్చీ అంచు మీదే కూర్చుంటారు.

"తొమ్మిది సెకండ్లండీ తరళా! తొమ్మిది! పైవాళ్లకి నేనేం చెప్పుకోను?"

"జనం ఫిర్యాదు చేశారా సార్?"

"జనం మీదే ఫిర్యాదులండీ." కాగితం తీసి చదివారు. "ఊరి రెండో మెట్టు ఇళ్లలో ఒకావిడ మామిడికాయని ఇంట్లోనే కత్తితో కోసింది. ఒకాయన స్టూలెక్కి ఫ్యాను తుడిచాడు, కింద పట్టుకునే మనిషి లేకుండా. ఇంకొకాయన వాళ్లాఫీసులో మేనేజరు మొహం మీదే 'నాకు మనసు బాగాలేదు, రేపు రాను' అన్నాడట. అంతా ఈ వారం పెద్దజారు ఎక్కినవాళ్లే!"

"మర్నాడు వెళ్లాడా సార్?"

"వెళ్లలేదండీ!" అని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన బాధని గౌరవిస్తూ నేను కిందికి చూశాను. నవ్వు కనపడకుండా ఉండడానికి అంతకన్నా మంచి దిక్కు లేదు.

నమోదు 416. శనివారం. నిడివి 204.

శాఖవారు చక్రాలని అనుమానించారు. కొత్తవి వేశారు. 204. గ్రీజుని అనుమానించారు. తుడిచి మళ్లీ పూశారు. 204. చివరికి సముద్రపు గాలి అన్నారు. స్తంభాల దగ్గరికెళ్లి గాలిని స్వయంగా మందలించాను. వినలేదు.

మామిడికాయ కోసినావిడ ఇప్పుడు వీధి మొత్తానికి కోసిపెడుతోందట.

నమోదు 419. మంగళవారం. గాలి తూర్పు. తిప్పులు 31. నిడివి 217.

ఇవాళ బుద్ధి వచ్చి మొత్తం నిడివిని ముక్కలు చేసి కొలిచాను. ఈ ఆలోచన ఎనిమిది రోజుల క్రితమే రానందుకు నా ద్వితీయ శ్రేణిని బాధ్యురాలిని చేయాలి.

బండి కదిలి, ఎత్తెక్కి, మూడు జారులూ జారి, తిరిగి ఎక్కే మెట్టు దగ్గర ఆగేదాకా 96 సెకండ్లు. ముప్ఫై ఒక్క తిప్పుల్లోనూ 96. జనం దిగడానికి 12. అదీ మామూలే. ఇక మిగిలింది కడ్డీల పరీక్ష. పన్నెండు సీట్లు, సీటుకి ఆరేసి సెకండ్లు, మొత్తం 72 పట్టాలి. ఇవాళ 109 పట్టింది.

అంటే పెద్దజారు పెరగలేదు. జారకముందు కూర్చోవడం పెరిగింది. జనానికి భయం ఎక్కువవుతున్నది కూడా అక్కడే. కొండ మీంచి పడేస్తే మనిషి కేకేసి ఊరుకుంటాడు. కట్టేసి, ఏమీ చెయ్యకుండా కూర్చోబెడితే ఆలోచిస్తాడు.

మెట్టు చివర నిలబడి అత్తని చూశాను.

ఇక్కడ శాఖవారికి తెలిసినదే మరోసారి రాస్తున్నాను, తెలీనివారి కోసం. ఒడికడ్డీ లోపల పళ్లచక్రం ఉంటుంది. కడ్డీ దిగినప్పుడు పన్ను పూర్తిగా కూర్చుంటే, కింద వేళ్లు పెట్టి పైకి లాగినా కదలదు. సగమే కూర్చుంటే బియ్యపుగింజంత వణుకుతుంది. దాన్ని అరపట్టు అంటాం. అరపట్టు మొదటి రెండు జారులకీ ఆగుతుంది. మూడో జారులో ఒళ్లు సీటు వదిలి లేచినప్పుడు ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. సీటు పక్క దీపం మాత్రం రెండింటికీ పచ్చగానే వెలుగుతుంది. కడ్డీ కిందికి దిగిందా లేదా అన్నదొక్కటే దానికి తెలుసు. అందుకే మనిషి చెయ్యి. అత్త ఇప్పటిదాకా పట్టుకున్న అరపట్లు నలభై ఒకటి.

ఆవిడ మామూలు పద్ధతి కుడిచేతి రెండు వేళ్లు, ఒక్క లాగు. ఇవాళ చూసింది వేరు. ముందు కుడిచేత్తో లాగింది. తర్వాత ఎడమచేత్తో. ఆ తర్వాత వంగి, కడ్డీ మీద చెంప ఆనించి, కళ్లు మూసుకుని, మళ్లీ లాగింది.

జనానికి ఇది అర్థం కాలేదు. అర్థం కానప్పుడు మనవాళ్లు చేసేదే చేశారు, దండం పెట్టారు. పెద్దావిడ వంగి ఆశీర్వదిస్తోందని అనుకున్నారు. ఐదో సీటాయన తలవంచి అక్షింతల కోసం ఆగాడు. వెనక వరసలో ఒకావిడ "మా పాపకి కూడా ఓసారి ఆనించండమ్మా, సరిగా తినదు" అంది. ఒక్కో దండానికి ఒకటిన్నర సెకండు. కొలిచాను.

"ఇదేం కొత్త పద్ధతత్తా?" అన్నాను.

"పాత పద్ధతి ముసిల్ది అయిపోనాది," అంది. తను నవ్వింది. నేనూ నవ్వాను. ఇక్కడికొచ్చి రాయడానికి కూర్చున్నాక నవ్వు ఆగింది.

నమోదు 420. బుధవారం. తిప్పులు 29. నిడివి 226.

పదిహేడో తిప్పు తిరిగొచ్చి ఆగింది. కడ్డీలు లేవాలంటే అత్త పెడలు తొక్కాలి. ఇంకా తొక్కలేదు. ఏడో సీట్లో ఉన్నది వంట మేస్త్రి గంగరాజు గారు, మూడు నెలలకోసారి తప్పకుండా వచ్చే మనిషి, పొట్ట విషయంలో ఊరికే ఆదర్శం. మొహం తుడుచుకుందామని మోచెయ్యి పైకెత్తారు. మోచేతితో పాటు కడ్డీ కూడా లేచింది.

"ఈసారి భయం బెమ్మాండంగా కుదిరిందమ్మా!" అన్నారాయన, చెమట కారిపోతుంటే. "మూడో జారు కాడ ఎగిరెల్లిపోతాననే అనుకున్నాను. నా పొట్టే అడ్డం పడిపోనాది!"

అందరూ నవ్వారు. ఆయన పక్క సీట్లో పందొమ్మిదేళ్ల సన్నపాటి అమ్మాయి కూడా నవ్వింది. అత్త నవ్వలేదు. తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది, ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువుని చూసినట్టు.

నమోదు 421. గురువారం. నిడివి 231.

అంతా క్షేమం.

నమోదు 422. శుక్రవారం.

నిన్నటి నమోదు అబద్ధం.

పొద్దున్న గేటు తెరవకముందే అత్త మెట్టు మీద కూర్చుని అంబలి తాగుతోంది. నాకోసం ఇంకో గ్లాసు ఉంచింది. కూర్చున్నాను.

"రాసినావేటి?"

"ఏం రాయాలి?"

"గుంటా."

ఆవిడ ఆ మాట అలా అన్నాక ఎమ్మే చదివినవాళ్లెవరూ అబద్ధం చెప్పలేరు. "రాయలేదు," అన్నాను. "ఎన్నాళ్లనించత్తా?"

"వానలు మొదలైన కాడ్నించి. ముందు చిటికినేలు. తర్వాత దాని పక్కది. సుగరు ఒక్కోదాన్నే తినీసింది. గ్లాసు కాల్తన్నాదో నేదో ఇప్పుడు నా పెదాలకే తెల్సు. సెంపకి కొంచెం తెల్సు. అందుకే ఆనించినాను."

"నాకొక మాట చెప్పచ్చు కదా!"

"సెప్తే నువ్వు రాయాల. రాస్తే నానెల్లిపోవాల." అంబలి ఓ గుక్క తాగింది. "కింద మెట్టులో పాత కాగితాల గది ఉన్నాది గదా, అందులో కూకోబెడతారు. దూది గోడలు. మనిషి గొంతు ఇనబడదు. ఇక్కడైతే రోజుకి నాలుగొందల మంది నా మొకం సూసి ఒనుకుతారు."

నాకు అప్పటికప్పుడు అద్భుతమైన ఆలోచన వచ్చింది. నా అద్భుతమైన ఆలోచనలన్నీ అప్పటికప్పుడే వస్తాయి, అదే వాటి లోపం. "నేను లాగుతానత్తా. నువ్వు పక్కన నిలబడు చాలు. ఎవరికీ తెలీదు."

"నువ్వా? సేతి పరీక్ష రెండుసార్లు తప్పిపోనావు నువ్వు!"

"మూడుసార్లు."

"మూడోది నాకు సెప్పనేదేటే!"

ఇద్దరం నవ్వాం. ఆవిడే ముందు ఆపింది.

"గంగరాజుకి పొట్ట ఉన్నాది గాబట్టి మిగిలినాడు. ఆడి పక్కన కూకున్న పిల్లకి ఏటున్నాదే? ఆ కడ్డీ ఆ పిల్ల ఒళ్లో పడుంటే? నిన్న రోజల్లా ఆ పిల్లే కళ్లముందు. అయినా నిన్న మళ్లీ పరీక్ష సేసినాను సూడు, సిగ్గు నేక. రాసీయే."

"నువ్వే వెళ్లి సార్‌కి చెప్పు. నేను రాయలేను."

"నా పని నాను సెయ్యలేకపోనాను. నీ పనైనా నువ్వు సెయ్యి."

కాబట్టి రాస్తున్నాను. బుధవారం, పదిహేడో తిప్పు, ఏడో సీటు, అరపట్టు. పరీక్షలో దొరకలేదు. పరీక్షించినవారు పైడమ్మ, చేతివేళ్లకి స్పర్శ పోయింది. ఈ సంగతి ఒకరోజు దాచినవారు తరళ, ఆ రోజు 27 తిప్పులు, 324 మంది. ఎవరికీ ఏమీ కాలేదు. అది నా గొప్పా కాదు, ఆవిడ గొప్పా కాదు. పెద్దజారు నిలుపుదల చేయడమైనది. నిడివి సున్నా.

నమోదు 423. శనివారం. నిడివి సున్నా.

భావనారాయణ గారు నిన్నటి పేజీ చదివి, నీళ్లు తాగి, మళ్లీ చదివారు. నన్ను తిట్టారు. ఆయనకి తిట్లు రావు. "ఇది ఏమాత్రం బాగాలేదండీ" అని నాలుగుసార్లు అన్నారు. నాలుగోసారికి నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"పైవాళ్లు యాంత్రిక హస్తాన్ని పంపుతున్నారండీ. పది రోజుల్లో వస్తుంది. పన్నెండు సీట్లూ ఎనిమిది సెకండ్లలో చూసేస్తుందట."

"దానికి అరపట్టు తెలుస్తుందా సార్?"

"దానికి దీపం కనబడుతుందండీ."

"దీపం నాకూ కనబడుతుంది సార్."

ఆయన చాలాసేపు కాలెండరు దూది పీకారు. ఆయన చెడ్డమనిషి కాదు, భయం పంచే శాఖలో భయపడే మనిషి, అంతే. చివరికి చెప్పారు. హస్తం వచ్చేలోగా చేతి పరీక్ష ఎవరైనా పాసైతే హస్తం అక్కర్లేదు. ఎవరూ పాసవకపోతే, ఒకసారి హస్తం దిగాక, ఈ భయశాలలో చేతి పరీక్ష అనేదే ఉండదు, ఎప్పటికీ.

"ఇంకెవరున్నారండీ?" అన్నారు నా వైపు చూస్తూ.

నేను నా వెనక్కి చూశాను. ఎవరూ లేరు.

నమోదు 425. సోమవారం. నిడివి సున్నా.

పరీక్ష నియమాలు: పన్నెండు సీట్లు, 72 సెకండ్లు. సూపరింటెండెంటు తనకి తోచినన్ని కడ్డీలు అరపట్టులో పెట్టి ఉంచుతారు. ఒక్కటి వదిలేసినా తప్పినట్టే. సరిగ్గా ఉన్నదాన్ని అరపట్టు అన్నా తప్పినట్టే. నా గత చరిత్ర: మొదటిసారి రెండు వదిలేశాను. రెండోసారి అన్నీ అరపట్లే అన్నాను. మూడోసారి ఒక కడ్డీ ఊడి చేతిలోకి వచ్చింది.

అత్త పాఠాలు మొదలుపెట్టింది. ఇవాళ పాఠం వాళ్లింట్లో డబ్బాల మూతలు. కళ్లకి గుడ్డ కట్టి, ఒక్కో డబ్బా ముందు పెట్టి, మూత పూర్తిగా పడిందో లేదో వేలితో చూసి చెప్పమంది. పద్నాలుగు డబ్బాల్లో ఆరు సరిగ్గా చెప్పాను. ఒకటి ఒలికించాను. పసుపు.

నమోదు 428. గురువారం. నిడివి సున్నా.

వాటా అందక ఊరు నీరసపడుతోంది. మూడో మెట్టులో ఒకాయన తన తుమ్ముకి తనే ఉలిక్కిపడి మంచం పట్టాడు. మామిడికాయ కోసినావిడ కత్తిని మళ్లీ పాతగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసిందట. అది విని నాకు ఎందుకో దిగులేసింది.

ఆగిపోయిన బండిలో సాధన. సీట్లో అత్త కూర్చుంటుంది, నేను లాగుతాను. పదిలో నాలుగు.

"ఒలే, నీ సేయి మంచిదే," అంది చివరికి. "నోరే సెడ్డది."

"నోటితో లాగడం లేదు కదత్తా!"

"లాగినప్పుడల్లా ఏదో ఒకటి వాగుతున్నావు. కూకున్నోడిని నవ్విస్తన్నావు. నువ్వు మాటాడతన్నంతసేపూ నీ సేయి ఏటీ ఇనదు. లాగకు. మెల్లగా అడుగు. అడిగి, అది సెప్పేదాక నోరు మూసుకో."

"డెబ్బై రెండు సెకండ్లు?"

"డెబ్బై రెండు సెకన్లు."

పుట్టి ఇరవై నాలుగేళ్లయింది. ఇంతవరకు అంతసేపు ఎప్పుడూ ఊరుకోలేదు. ప్రయత్నించాను. పదకొండో సెకండుకి చెవుల్లో హోరు. ఇరవయ్యో సెకండుకి ఆవలింత. ముప్ఫయ్యో సెకండు దాటాక వేళ్ల కింద ఇనుము కాస్త చల్లగా, కాస్త నున్నగా, ఒకచోట గరుకుగా తెలిసింది. అది అంతకుముందూ అక్కడే ఉండి ఉండాలి.

పదిలో ఏడు.

నమోదు 431. ఆదివారం. నిడివి సున్నా.

పదిలో పది. మళ్లీ పది. మూడోసారి తొమ్మిది, ఎందుకంటే మధ్యలో గంగరాజు గారు పకోడీలు తెచ్చారు.

అత్త పకోడీ తుంచుతూ అంది: "ఇదివరకు రాత్రిపూట కళ్లు మూసుకుంటే నలభై ఒక్క అరపట్టులూ వరసగా ఏళ్లకి తగిలీవి. ఒక్కోదానికీ ఒక్కో ఒనుకు. ఇప్పుడు తగలవే. ఎవరి పేరో మర్సిపోనట్టుంటాది." నేనేదో జోకు వేయబోయాను. వేయలేదు. శాఖవారు దీన్ని పురోగతిగా గుర్తించగలరు.

నమోదు 433. మంగళవారం. గాలి లేదు. పరీక్ష.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పన్నెండు సీట్లలో పన్నెండు మంది. ఉద్యోగులూ, తెలిసినవాళ్లూ. ఏడో సీట్లో గంగరాజు గారు, పిలవకుండానే వచ్చారు. పన్నెండో సీట్లో అత్త. "బండి కదిలితే నానూ ఎల్తాను, ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎక్కనేదు" అని తనే వచ్చి కూర్చుంది. దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. భావనారాయణ గారు మెట్టు చివర కాగితం మడిచి పట్టుకుని నిలబడ్డారు. ఈల వేశారు.

మాట్లాడలేదు. ఒకటి బాగుంది. రెండు బాగుంది. మూడు వణికింది, చెయ్యెత్తాను. నాలుగు, ఐదు, ఆరు. గంగరాజు గారు కన్ను గీటారు, చూడనట్టు పోయాను. ఎనిమిది. తొమ్మిది వణికింది, చెయ్యెత్తాను. పది, పదకొండు. పన్నెండు.

పన్నెండు దగ్గర వేళ్లు పెట్టి లాగాను. ఏమీ లేదు. వేళ్లు తియ్యబోయాను. అప్పుడు, లాగడం ఆపాక, చాలా చిన్నగా ఏదో కిందికి దిగినట్టయింది. చెయ్యెత్తాను.

"డెబ్బై," అన్నారు భావనారాయణ గారు. కాగితం విప్పారు. మొహం వాడిపోయింది. "మూడు సరేనండీ. తొమ్మిది సరే. పన్నెండు నేను పెట్టలేదండీ."

"ఉంది సార్."

ఆయన వచ్చి లాగారు. రెండు చేతులా లాగారు. "కదలడం లేదు కదండీ."

"అత్తా?"

అత్త కడ్డీని చేతులతో తడిమింది, వంగి చెంప ఆనించింది. "నాకేటీ తెలీడం నేదే," అంది.

భావనారాయణ గారు నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించారు. "చూడండి తరళా. మీరు పన్నెండు అనలేదనుకుందాం. మూడు, తొమ్మిది అని రాసుకుంటాను. పాసవుతారు. హస్తం వెనక్కి పోతుంది. బండి ఒక్కసారి తిప్పి అందరం ఇంటికి పోదాం. ఆవిడ కూడా ఆశపడి ఎక్కింది పాపం."

దీనికి నా దగ్గర జోకు లేదు. పాసవడమే కావాల్సింది, అది ఆయన చేతిలో పెట్టి ఇస్తున్నారు. ఆయన లాగితే కదల్లేదు. అత్తకే తెలీలేదు. నాకు తెలిసిందల్లా వేళ్ల కింద క్షణంలో పదోవంతు. దానికి ముందు మూడుసార్లు తప్పిన వేళ్లవి.

"బండి కదలదు సార్," అన్నాను.

"అయితే తప్పినట్టు రాయాలండీ."

"రాయండి. రాశాక పన్నెండో సీటు మూత విప్పించండి."

ఆయన రాశారు. నిజంగానే రాశారు. నేను చూస్తుండగా నా పేరు పక్కన "అనర్హురాలు" అని. తర్వాత మరమ్మతువాళ్లని పిలిచారు. అత్తని దింపారు. నాలుగు మరలు తీసి, మూత పక్కన పెట్టి, దీపం పట్టి చూశారు. పన్ను అంచు అరిగిపోయి ఉంది. ఎవరూ పెట్టకుండానే, తనంతట తనే, సగం మీద కూర్చుని ఉంది. చేత్తో లాగితే ఆగేటంత. మూడో జారుకి ఆగదని మరమ్మతాయన అన్నాడు.

భావనారాయణ గారు కింద కూర్చున్నారు. దూది లేని నేల మీద. గుండె దడ హద్దు దాటితే కూసే ఆయన మణికట్టు నాడిపట్టీ మోగడం మొదలుపెట్టి చాలాసేపు ఆగలేదు. తొమ్మిదేళ్ల సర్వీసులో తొలిసారి, ఉద్యోగులకి లేని వాటా ఆయనకి అందింది. లేచాక "అనర్హురాలు" అన్న మాట కొట్టేశారు. కొట్టివేతకి కింద సంతకం కూడా పెట్టారు, నియమం కాబట్టి.

అత్త విప్పిన ఆ మూత పక్కనే నిలబడి ఉంది. "ఒళ్లోనే ఉన్నాది," అంది మెల్లగా. "సెంప ఆనించినాను గదే. నాకు సెప్పనేదు." తర్వాత నా వైపు తిరిగి, "నాను కూకున్నాననీసి ఒకటికి రెండుసార్లు లాగినావా?"

"లేదత్తా. అందరికీ లాగినట్టే."

"మంచిది," అంది. మెడలో ఉద్యోగ గుర్తుగా వేసుకునే పరీక్షదారు తాడు ముందుకి లాక్కుంది. ముడి విప్పడానికి వేళ్లు లొంగలేదు. నేను విప్పలేదు, ఆవిడ అడగలేదు. పళ్లతో విప్పుకుని నా చేతిలో పెట్టింది.

నమోదు 436. శుక్రవారం. గాలి నైరుతి. తిప్పులు 40. నిడివి 180.

హస్తం వచ్చింది. పెట్టె విప్పకుండా తిరిగి వెళ్లింది. దాని నిమ్మరసం కూడా నేనే తాగాను.

అత్తని కాగితాల గదికి పంపలేదు. గేటు దగ్గర భయం కార్డులకి చిల్లు కొట్టే కిటికీలో కూర్చోబెట్టారు. భావనారాయణ గారే రాసి పంపారు. కిటికీ దగ్గర వరస కదలడం లేదు, ఒక్కొక్కరినీ ఏం తిన్నారని అడుగుతోంది. ఆ ఆలస్యం నిడివిలోకి రాదని శాఖవారికి మనవి.

చివరి తిప్పుకి ఆవిడే కార్డు పట్టుకుని వరసలో వచ్చింది. ఉద్యోగులకి వాటా ఉండదు, రోజూ చూస్తూనే ఉంటారు కనుక. అయినా ఈ ఒక్కసారికి కార్డు ఇచ్చారు. ఒకటో సీట్లో కూర్చుంది. లాగి చూశాను. పట్టింది. పంపాను.

తొంభై ఆరు సెకండ్లూ అరిచింది. నన్ను, నా ఎమ్మేని, ఈ కొండని, పెద్దజారు కట్టిన మహానుభావుడిని పేరుపేరునా తిట్టింది. కింద రెండో మెట్టులోకి కూడా వినబడిందని తర్వాత తెలిసింది.

ఆ తిప్పు నిడివి 180 రావాలి, 223 వచ్చింది. ముక్కలు ఇవి: పరీక్ష 72, జారు 96, దిగడం 55. కారణం: కడ్డీ లేచినా ఒకటో సీటు ప్రయాణికురాలు లేవలేదు. "ఇంకోసారి పంపీయే గుంటా" అన్నారు. వాటా అయిపోయిందని గుర్తుచేశాను. మళ్లీ తిట్టారు.

చెయ్యిచ్చి దింపాను. సరిగ్గా పట్టుకున్నదో లేదో తనకి తెలీక ఆవిడ కాస్త గట్టిగా పట్టుకుంది. అప్పటికీ నమ్మకం చాలక ఇంకాస్త. కుడిచేతి వేళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయి, ఈ నాలుగు లైన్లూ ఎడమచేత్తో రాస్తున్నాను.